షోలవరం పందేలు, గాలి లెక్క

గోదావరి డెల్టాలోని మండపేట నుంచి ఆలమూరు మీదుగా జొన్నాడ వద్ద జాతీయ రహదారినెక్కి దక్షిణంగా సాగితే, మద్రాసు చేరబోయే ముందు దారిలో తగిలే షోలవరం, దక్షిణ భారతంలో ఔత్సాహిక కారు పందేలకు దశాబ్దాల పాటు కేంద్రంగా నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే యుద్ధానంతరం ఖాళీగా మిగలగా, 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దానిని పందెపు బాటగా మలచుకున్నది. పందెమంటే ఎడ్లదో పడవలదో అయిన గోదావరి డెల్టాకు ఇది దూరపు వినోదమే గాని, మోటారు పందేల్లో తెలుగువారి పాత్రను వెతికేవారు రాష్ట్రపు ఎల్ల దాటి షోలవరానికీ, అక్కడి నుంచి కోయంబత్తూరుకూ వెళ్ళక తప్పదు.

ఈ పందేల్లో గాలి లెక్క కూడా ముఖ్యమే. కారు వేగం రెట్టింపయితే దానికి ఎదురయ్యే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. ఆ నిరోధాన్ని అధిగమించడానికి ఇంజను వెచ్చించవలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. ధాన్యం బస్తాల మీద కప్పిన బరకం, లారీ వేగం పుంజుకునే కొద్దీ పైకి ఉబికినట్లే, టాపు మీదుగా త్వరగా జారే గాలి పీడనం తగ్గి కారును పైకి లాగుతుంది. అప్పుడు టైర్లకు నేల మీద పట్టు సడలుతుంది. రన్‌వేల మీద ఏర్పడిన షోలవరం బాటలో నిడుపాటి తిన్నని దారులూ, వాటి చివర ఒక్కసారిగా వేగం తగ్గించవలసిన మలుపులూ ఉండడం వల్ల, అక్కడ పట్టు కంటే నిరోధం తగ్గించుకోవడమే ముందు లాభించేది.

ఫియట్, హెరాల్డ్, అంబాసిడర్ వంటి ఇంటి కార్లతో దిగిన పందెగాళ్ళకు అందుబాటులో ఉన్న మార్పులు కూడా ఆ దిశలోనివే. స్ప్రింగులు కురచ చేసి కారును నేలకు దించడం, బంపర్లూ అలంకారపు రేకులూ ఊడదీయడం, ముక్కు కింద ఎయిర్ డ్యామ్, అనగా కారు అడుగుకు దూరే గాలిని ముందే అడ్డగించే పలక, బిగించడం అటువంటివి. ఇటువంటి భాగాల కోసం ఇనుప రేకును వంపులు తిప్పడానికి భారీ ప్రెస్సులు కావాలి. ఫైబర్‌గ్లాస్‌కు ఒక అచ్చు, కొంత రెజిన్ ఉంటే చిన్న షెడ్డు చాలు. బెంగుళూరులో సిపాని సంస్థ 1980లలో తయారుచేసిన 848 సీసీ డాల్ఫిన్ అటువంటి ఫైబర్ ఒంటితో, తేలికదనమే బలంగా, పందేల్లో పేరు తెచ్చుకున్నది. ఔత్సాహికుడికి ఈ విద్య అందుబాటులోకి రావడంలో ఏ శాస్త్ర గ్రంథం కంటే ఆ పదార్థం చేసిన మేలే ఎక్కువ.

రెక్క కథ వేరు. విమానపు రెక్కను తలకిందులు చేస్తే గాలి దానిని పైకి లేపక నేలకు అదుముతుంది. 1956లో స్విట్జర్లాండుకు చెందిన మిఖాయెల్ మే తన పోర్షే కారుపై అటువంటి రెక్కను నిలిపి జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్‌కు తీసుకువెళితే నిర్వాహకులు దానితో పందెంలోకి రానివ్వలేదు. పన్నెండేళ్ళ తరువాత ఫార్ములా వన్ అదే ఆలోచనను స్వీకరించింది. 1969లో స్పెయిన్‌లో ఎత్తయిన రెక్కలు విరిగి రెండు లోటస్ కార్లు ప్రమాదానికి లోనైన తరువాత వాటికి కట్టుబాట్లు వచ్చాయి. షోలవరానికి ఆ రెక్కలు దిగుమతి సరుకుగానే వచ్చాయి: 1980ల తొలినాళ్ళలో విజయ్ మాల్యా అక్కడ నడిపిన ఎన్‌సైన్ ఒకప్పటి ఫార్ములా వన్ కారు.

కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్‌ను నెలకొల్పిన కుప్పుస్వామి నాయుడి తెలుగు కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మాత్రం దిగుమతుల మీద ఆధారపడక, 1988లో మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు కారును రూపొందించి, సామాన్య స్థోమత గల యువకులకు పందేన్ని దగ్గర చేశారు. ఇటువంటి 796 సీసీ కారుకు రెక్క ఎంత మేలు చేస్తుందో లెక్క కట్టవచ్చు. మీటరున్నర వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు గల ఓ మోస్తరు రెక్క గంటకు 160 కిలోమీటర్ల వేగంలో సుమారు 54 కిలోల బరువుతో సమానంగా కారును అదుముతుంది. 50 కిలోమీటర్ల వేగంతో తిరిగే మలుపులో అదే రెక్క ఇచ్చేది ఐదు కిలోలే. మలుపులో అక్కరకు రాని ఈ సాధనం తిన్నని దారిలో మాత్రం ఉన్న కాస్త శక్తినీ హరిస్తుంది. గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో నేటికీ ఇరుకు బాటకు పెద్ద రెక్క బిగించేవారు ఈ లెక్క చూడరేమో.

1990లో మద్రాసు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల బాట ఏర్పడడంతో షోలవరం ప్రాభవం ముగిసింది. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన కరివర్ధన్ పేరు కోయంబత్తూరు దగ్గరి చెట్టిపాళయం బాటకు నిలిచింది. బండికి తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చరాదన్న మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను 2019లో సుప్రీంకోర్టు గట్టిగా సమర్థించడంతో, ఇటువంటి మార్పులకు పందెపు బాటే సరైన చోటయింది. అయితే పందెపు బాట మీద కూడా అన్నిచోట్లా మార్పుకు తావు లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన 2.83 కిలోమీటర్ల బాటపై జరిగిన ‘ఫార్ములా-ఇ’ విద్యుత్ కార్ల పందెంలో జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. ఆ పోటీ నిబంధనల ప్రకారం జట్లన్నిటి కార్లకూ ఒంటి రూపం, రెక్కలు ఒకే అచ్చువి, వాటిని మార్చే అధికారం ఏ జట్టుకూ లేదు.