మన్మోహన్ సింగ్ (ఆర్థిక మంత్రిగా, 1991–96)

మన్మోహన్ సింగ్ (1932–2024) భారత ఆర్థికవేత్త, 2004 నుంచి 2014 వరకు ప్రధానమంత్రి. 1982–85లో రిజర్వు బ్యాంకు గవర్నరు. 1991 జూన్ 21న ప్రధాని పి.వి. నరసింహారావు ఆయనను ఆర్థిక మంత్రిని చేసేనాటికి ఏ ఎన్నికలోనూ పోటీ చేసి ఎరుగరు. అస్సాం నుంచి రాజ్యసభకు వచ్చింది ఆ తర్వాతే.

అప్పటికి విదేశీ మారకద్రవ్యం కొన్ని వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయేలా ఉంది. జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. రెండో విడత ఆపమని పి.వి. కబురు పెట్టగా, సింగ్ రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్‌కు ఫోన్ చేశారు. అప్పటికే పని పూర్తయిపోయింది. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, బడ్జెట్ ఒకే రోజు వెలువడ్డాయి. చాలా పరిశ్రమలకు లైసెన్సుల బెడద తప్పింది. ఎరువుల ధర 40 శాతం పెంచితే సొంత పార్టీవారే తిరగబడ్డారు, పెంపును 30కి దించాల్సి వచ్చింది.

నీలి తలపాగా, మెల్లని గొంతు, మారుతి 800 కారు జనం మనసులో ఆయన రూపం. నిజాయితీపై మచ్చ పడలేదు కానీ, 1992 షేర్ల కుంభకోణం ఆయన శాఖ పర్యవేక్షణపై ప్రశ్నలు లేవనెత్తింది. రాజీనామాకు సిద్ధపడ్డా పి.వి. ఒప్పుకోలేదు. సంస్కరణల ఘనత ఆయనొక్కరికే కట్టబెట్టడం సరికాదు: పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకుని, రాజకీయ భారం మోసింది పి.వి.యే. ఎన్నికలు మాత్రం సింగ్‌కు కలిసిరాలేదు: 1999లో దక్షిణ ఢిల్లీ నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు.