గాలి సోకిందా, జబ్బు చేసిందా? మానసిక వైద్యంలో అసలు సైన్సును గుర్తుపట్టేదెలా

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఒక కుర్రాడు ఉన్నట్టుండి తిండి మానేసి, తనలో తాను మాట్లాడుకుంటున్నాడనుకోండి. ఇంట్లో ముందు వినిపించే మాట "గుంటడికి గాలి సోకినాది" అనే. నెల గడిచినా తగ్గకపోతే "ఎవరో చిల్లంగి పెట్టారు" అంటారు. తాయెత్తు కడతారు, ఆమిల్ దగ్గరకో భూతవైద్యుడి దగ్గరకో తిప్పుతారు. చేతిలో డబ్బులన్నీ అయిపోయాక అప్పుడు విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రి గుర్తొస్తుంది. ఈ తిరుగుళ్లలో పోయేది డబ్బే అయితే ఫర్వాలేదు. చిల్లంగి అనుమానంతో పక్కింటి ముసలివాళ్లను చంపేసిన కేసులు ఉత్తరాంధ్ర ఏజెన్సీలో ఉన్నాయి.

పల్లెవాళ్లే మోసపోతారని మాత్రం అనుకోకండి. పట్నంలో అదే సరుకును ఇంగ్లీషు పేర్లతో అమ్ముతారు. మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ చేస్తే పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని చదివేస్తారంటారు. నిజానికి ఆ పిల్లలు గంతకూ ముక్కుకూ మధ్య సందులోంచి చూస్తారు. పుస్తకాన్ని నుదుటి ముందు పెట్టమంటే చదవలేరు. వేలిముద్రలు చూసి పిల్లాడి తెలివి చెబుతామనేవాళ్లు, డిప్రెషన్‌కు కారణం పోయిన జన్మలో ఉందనేవాళ్లు, రెండు రోజుల శిక్షణలో భయాలన్నీ పోగొడతామనేవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. వీళ్ల గోడ మీద సర్టిఫికెట్లుంటాయి, మాటల్లో "న్యూరాన్లు", "ఎనర్జీ" ఉంటాయి.

మరి తేడా కనిపెట్టేదెలా? విజయనగరం వాళ్లకు దీనికి ఉదాహరణ ఇంట్లోనే ఉంది. గురజాడ 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు పెళ్లాడిన మాయగుంట కనిపించకుండా పోతుంది. అది అసలు మనిషే కాదు పిశాచం, పట్టి సీసాలో బిగించానంటాడు పూజారి గవరయ్య. సీసాలో ఏమీ కనిపించదే అంటే, పిశాచం కంటికి కనపడదు కదా! ఎటు తిప్పి అడిగినా గవరయ్యే గెలుస్తాడు. ఏం జరిగితే తన మాట తప్పని ఒప్పుకుంటాడో చెప్పనివాడిది సైన్సు కాదు. "తగ్గితే నా వైద్యం గొప్ప, తగ్గకపోతే నీ నమ్మకం చాలలేదు" అనేవాళ్లందరూ గవరయ్య చుట్టాలే.

సైన్సు చేసే పని వేరు. 1784లో పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడి "జంతు అయస్కాంత శక్తి" మోజు నడుస్తోంది. రాజు వేసిన కమిటీలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోజియే ఉన్నారు. తోటలో ఒక్క చెట్టుకు ఆ శక్తి "ఎక్కించి", పన్నెండేళ్ల కుర్రాణ్ణి కళ్లకు గంతలు కట్టి చెట్ల దగ్గరకు ఒక్కొక్కటిగా తీసుకెళ్లారు. నాలుగో చెట్టు దగ్గర మూర్ఛపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు! కుర్రాడు నటించలేదు, నిజంగానే పడిపోయాడు. పడేసింది మాత్రం అయస్కాంతం కాదు, వాడి నమ్మకం. మందు ఎవరికిచ్చారో రోగికీ, పరీక్షించే డాక్టరుకూ తెలియకుండా చేసే నేటి పరీక్షల వెనకున్నది ఈ ఆలోచనే.

"మరి మా వదినకు తాయెత్తుతో తగ్గింది కదా" అంటారు. తగ్గే ఉంటుంది. డిప్రెషన్, మేనియా, భయం జబ్బులు కెరటాల్లా వచ్చి పోతుంటాయి. మనం వైద్యుడి దగ్గరకో బాబా దగ్గరకో పరుగెత్తేది కెరటం బాగా పైకి లేచినప్పుడే. తర్వాత అది ఎలాగూ దిగుతుంది, పేరు మాత్రం తాయెత్తుకు పోతుంది. అందుకే ఒక్కరి కథ సాక్ష్యం కాదు, పోల్చి చూడాలి. గోవాలో 495 మంది డిప్రెషన్ రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పీహెచ్‌సీలో మామూలు వైద్యం, రెండో గుంపుకు దాంతో పాటు ఆరు నుంచి ఎనిమిది విడతల మాటల చికిత్స. ఆ చికిత్స చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలలకు చికిత్స అందిన గుంపులో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు గుంపులో 39 శాతం. 64 అన్నారే కానీ 100 అనలేదు చూశారా, "గ్యారంటీ" అనేవాడి దగ్గర ఇలాంటి లెక్క దొరకదు.

సైన్సు పేరుతో ఘోరాలు జరగలేదా అంటే జరిగాయి. మెదడు నరాలు కోసే లోబాటమీకి 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. తర్వాత దాని నష్టాలు లెక్కగట్టి, మందులొచ్చాక వదిలేసింది కూడా డాక్టర్లే. కరెంటు చికిత్స కథ వేరు. సినిమాల్లో చిత్రహింసలా చూపిస్తారు గానీ, మత్తు ఇచ్చి చేస్తే తీవ్రమైన డిప్రెషన్‌లో బాగా పనిచేస్తుంది. మత్తు లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

రోగిని గొలుసులతో కట్టేయడాన్ని కూడా అదే చట్టం నిషేధించింది. తమిళనాడు ఏర్వాడిలో దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదానికి 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. అయితే దర్గాకు వెళ్లొద్దని ఎవరూ అనడం లేదు. గుజరాత్ ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో "దవా-దువా" పేరుతో ముజావర్లకే శిక్షణ ఇచ్చి, దువా కోసం వచ్చినవాళ్లను అక్కడే సైకియాట్రిస్టుకు చూపించే ఏర్పాటు చేశారు. దువా ఆపమనలేదు, దవా కలిపారు. మన జిల్లాల్లో ఇది ఎందుకు మొదలుకాకూడదో నాకర్థం కాదు.

దువా అయ్యేదాకా ఆగకూడని సందర్భాలు కొన్నున్నాయి. జ్వరంతో పాటు ఒక్కసారిగా మాట, ప్రవర్తన మారితే అది మెదడువాపు కావచ్చు, గంటల్లో ఆస్పత్రికి చేర్చాలి. బాలింత నిద్రపోకుండా వింతగా మాట్లాడుతుంటే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం. "చచ్చిపోతాను" అనే మాటను బెదిరింపుగా కొట్టిపారేయకండి.

వైద్యం చేసేవాళ్ల గురించి అడగడానికి మొహమాటపడొద్దు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయాల్సింది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు ఉండాలి. అది లేని "సైకాలజిస్టు" బోర్డులు చాలా ఉన్నాయి. నా చికిత్స మొదలుపెట్టాలంటే డాక్టరిచ్చిన మందులు ఆపేయాలి అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. స్కిజోఫ్రెనియా, బైపోలార్ మందులు ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబడుతుంది.

ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ముందు 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. ఫోనుకు డబ్బుల్లేవు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.