తెర వెనక స్పీకరు

పోయిన చలికాలం నాన్న కాకినాడ నుంచి బ్రాంప్టన్‌లో మా ఇంటికొచ్చారు. సినిమా పెడితే, "పాటలు వినపడుతున్నాయిరా, మాటలే తెలియట్లేదు. నా చెవులు పోయాయేమో" అన్నారు. ఆయన కోసమే ఖరీదైన సౌండ్ బార్ కొన్నాను. నా చెవికి బ్రహ్మాండంగా ఉంది. ఆయన మాత్రం అదే మాట.

పాత డబ్బా టీవీలో స్పీకరుకి చోటుండేది. టీవీలు పలచబడ్డాక స్పీకర్లు చిన్నవై, కిందికో వెనక్కో తిరిగాయి. సౌండ్ బార్ వచ్చింది ఆ లోటు తీర్చడానికే.

స్పీకరు మంచిచెడ్డలు తేల్చడంలో కెనడాకి పెద్ద చరిత్రే ఉంది. 1965లో ఫ్లాయిడ్ టూల్ అనే ఆయన ఒట్టావాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో చేరి, 1991 దాకా అక్కడే పనిచేశారు. ప్రతిధ్వని లేని గదిలో స్పీకర్లను కొలిచేవారు. తర్వాత తెర వెనక పెట్టి, ఏ కంపెనీదో తెలియనివ్వకుండా వినిపించి మార్కులు వేయించేవారు. పేరూ ధరా కనపడకపోతే జనం ఇష్టాలు చాలావరకు కలుస్తాయని తేలింది. పీఎస్‌బీ, పారడైమ్ లాంటి ఇక్కడి కంపెనీలు ఆ ల్యాబ్ వాడుకునే ఎదిగాయి.

ఇది చదివాక సిగ్గేసింది. ఐటీఐ చదివినోణ్ణి, సైట్లో కొలవకుండా గోడ లేపనివ్వను. ఇంట్లో మాత్రం కళ్లతో విన్నాను. టీవీ వెనక చూస్తే హెచ్‌డీఎమ్‌ఐ వైరు ఏఆర్‌సీ అని రాసున్న పోర్టులో లేదు. బార్‌కి లైటు వెలుగుతోంది, శబ్దం మాత్రం మూడు వారాలుగా టీవీదే!

వైరు మార్చాను. ఆ రాత్రి కామెడీ సీనుకి నాన్న నాకంటే ముందే నవ్వారు.