తెలుగు రాష్ట్రాల్లో నగర వనాలు

నగరాల్లోనూ శివార్లలోనూ మిగిలిన అటవీ భూములను, బీళ్లను పచ్చబరచి, వాటిలో కొంత భాగాన్ని ప్రజల కోసం తెరిచిన వనాలే నగర వనాలు. తెలంగాణలో అర్బన్ ఫారెస్టు పార్కులన్న పేరు ఎక్కువగా వాడుకలో ఉంది. పల్లెల్లో 1990లలో మొదలైన ఉమ్మడి అటవీ యాజమాన్యం, 2015 తర్వాత నగరాల్లో ఊపందుకున్న పచ్చదనం కార్యక్రమాలు ఈ చరిత్రలో రెండు ప్రధాన దశలు. రెండింటిలోనూ అటవీ శాఖదే పెద్దరికం. భాగస్వాములు, వారికి దక్కే వాటా మాత్రం మారాయి.

నేపథ్యం

పశ్చిమ బెంగాల్‌లోని అరాబరిలో 1970ల తొలినాళ్లలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ చుట్టుపక్కల గ్రామస్థులనే అడవికి కాపలాదారులను చేశారు. బదులుగా వారికి పని, కలప రాబడిలో నాలుగో వంతు ఇస్తామన్నారు. నరికేసిన మోళ్ల నుంచే సాల చెట్లు మళ్లీ చిగిర్చాయి. 1988 నాటి జాతీయ అటవీ విధానం ప్రజల భాగస్వామ్యానికి చోటిచ్చింది. 1990 జూన్ 1న కేంద్రం ఇదే పద్ధతిని పాటించమని రాష్ట్రాలకు సూచించింది.

వన సంరక్షణ సమితులు

ఆంధ్రప్రదేశ్ 1992లో వన సంరక్షణ సమితుల ఏర్పాటుకు ఉత్తర్వులిచ్చింది. ఇంటికి ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ. క్షీణించిన అడవిలో కందకాలు తవ్వడం, చెక్‌డ్యాములు కట్టడం, గొడ్డలి పడకుండా, పశువులు లేత మొక్కలను మేయకుండా చూడటం సమితి పని. తిరిగి పెరిగిన అడవి నుంచి వచ్చే కలప, వెదురు రాబడి సమితిదే, అయితే అందులో సగం మళ్లీ అడవి మీదే ఖర్చు చేయాలన్న నియమం తర్వాత వచ్చింది. 1994లోనూ 2002లోనూ మొదలైన ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టులతో సమితులు వేల సంఖ్యకు చేరాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో మాత్రం సమితుల పేరు చెప్పి తమ పోడు భూములను లాక్కున్నారని ఆదివాసులు ఆరోపించారు.

నగరాలకు విస్తరణ

పల్లె సమితి నగరం అంచున పనిచేసిన ఉదాహరణ విశాఖపట్నంలోని కంబాలకొండ. అభయారణ్యాన్ని ఆనుకున్న శంభువానిపాలెం సమితి సభ్యులు అక్కడి పర్యావరణ పర్యాటక కేంద్రం నిర్వహణలో భాగస్వాములయ్యారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను భారీగా నేలకూల్చింది. నగరంలో పచ్చదనాన్ని మళ్లీ మొదటి నుంచి పెంచుకోవలసి వచ్చింది.

హైదరాబాదులో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న దాదాపు 390 ఎకరాలను 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. వంతెనల కోసం దాని చుట్టూ ఉన్న చెట్లను కొట్టేయాలన్న ప్రతిపాదన మీద 2016లో నగరవాసులు ఉద్యమించారు.

తెలంగాణ ప్రభుత్వం 2015 జులై 3న చిలుకూరులో హరితహారం ప్రారంభించింది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడం దీని లక్ష్యం. ఇందులో భాగంగా హైదరాబాదు చుట్టూ ఉన్న రిజర్వు అడవులను పార్కులుగా తీర్చిదిద్దారు. 2019 పురపాలక చట్టం పట్టణాల బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికేలా చూసే బాధ్యతను ప్రజాప్రతినిధులకు అప్పగించింది. కేంద్రం 2020 జూన్ 5న నగర వన పథకాన్ని ప్రకటించి, పుణెలోని వార్జే వనాన్ని ఆదర్శంగా చూపింది. అదే ఏడాది నటుడు ప్రభాస్ ఖాజీపల్లిలో 1,650 ఎకరాల అటవీ బ్లాకును దత్తత తీసుకుని 2 కోట్ల రూపాయలు ఇచ్చారు.

నిర్మాణం, పెంపకం

ఒక్కో పార్కు రెండు భాగాలుగా ఉంటుంది. గేటు దగ్గరి కొన్ని ఎకరాల్లో నడక దారి, పిల్లల ఆటస్థలం, వ్యాయామ పరికరాలు ఉంటాయి. మిగతాది సంరక్షణ భాగం. అక్కడ కంచె వేసి, వాన నీరు ఇంకేలా కందకాలు తవ్వి, సహజంగా మొలిచిన చెట్లను ఎదగనిస్తారు. బోడి నేలల్లో జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకిరా మియవాకి పద్ధతిని స్థానికంగా మలిచిన ‘యాదాద్రి నమూనా’ను అనుసరిస్తారు. మట్టి తవ్వి, ఎరువు కలిపి, ఎకరానికి సుమారు 4,000 స్థానిక మొక్కలను మీటరు ఎడంలో నాటుతారు. ఎండ కోసం పోటీపడి అవి నిటారుగా, త్వరగా పెరుగుతాయి.

ఫలితాలు, విమర్శలు

భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం హైదరాబాదులో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు, 2021లో 81.81. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో హైదరాబాదు వరల్డ్ గ్రీన్ సిటీ పురస్కారం పొందింది. అయితే సర్వే లెక్కలో హెక్టారుకు తగ్గకుండా, కనీసం 10 శాతం చెట్ల నీడ ఉన్న ప్రతి చోటూ అడవే. యజమాని ఎవరైనా, చెట్టు ఏదైనా తేడా లేదు. అందుకే తోటలూ క్యాంపస్‌లూ ఈ లెక్కలోకి వస్తాయి.

దీనికి ఎదురు సమస్య 2025లో కంచ గచ్చిబౌలిలో తలెత్తింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన చెట్లు నిండిన 400 ఎకరాలు రికార్డుల్లో అడవి కాదంటూ ప్రభుత్వం అక్కడ చదును పనులు మొదలుపెట్టించింది. విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

పల్లె సమితికి కనీసం తీర్మానాల పుస్తకం, రాబడిలో వాటా ఉండేవి. నగర వనాల్లో ప్రజల పాత్ర చాలావరకు నడకకు, విరాళాలకు, అప్పుడప్పుడు మొక్కలు నాటడానికి పరిమితమైంది. భూమి వినియోగాన్ని నిర్ణయించే దశలో వారికి చోటు లేకపోవడంతో అలాంటి వివాదాలు వీధుల్లోనూ కోర్టుల్లోనూ తేలుతున్నాయి.