ఉపగ్రహాలతో వాతావరణ ఉష్ణోగ్రతను కొలవడం: ఒక వివాదం చరిత్ర

7.1 ప్రస్తావన

1990ల మధ్యకాలంలో ఎవరైనా "భూమి వేడెక్కుతోందా?" అని అడిగితే రెండు జవాబులు వచ్చేవి. నేలమీది ఉష్ణమాపకాల లెక్కను నమ్మేవారు అవుననేవారు. 1979-95 మధ్య ఉపరితల ఉష్ణోగ్రత దశాబ్దానికి సుమారు 0.13 డిగ్రీల చొప్పున పెరిగిందని ఆ లెక్క. ఉపగ్రహాల లెక్కను నమ్మేవారు కాదనేవారు. అదే కాలంలో నేలకు దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలి దశాబ్దానికి 0.05 డిగ్రీల చొప్పున చల్లబడిందని ఈ లెక్క చెప్పింది.

ఇది కేవలం శాస్త్రజ్ఞుల మధ్య తగవు కాదని మీరు గమనించాలి. బొగ్గు, చమురు వాడకాన్ని ఏ దేశం ఎంత తగ్గించుకోవాలన్న బేరం 1997లో క్యోటో నగరం దాకా వెళ్లింది. తగ్గించడం ఇష్టంలేని వారి చేతికి ఉపగ్రహం అంకె మంచి ఆయుధంగా దొరికింది. ఊళ్లు పెరిగి, కాంక్రీటు పెరిగి, నేలమీది ఉష్ణమాపకాలు తప్పుదారి పట్టి ఉండవచ్చు. భూగోళమంతటినీ చూసే ఉపగ్రహానికి ఆ బెడద లేదు కదా అన్నది వారి వాదం. వినడానికి సబబుగానే ఉంది. అమెరికా కాంగ్రెస్ విచారణల్లో ఈ మాట పదే పదే వినిపించింది.

ఆ అంకె ఎలా పుట్టిందో, తరువాత ఎలా మారిందో ఈ పాఠంలో తెలుసుకుంటారు.

7.2 ఉపగ్రహంలో ఉష్ణమాపకం లేదు

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ఉపగ్రహం తిరిగేది దాదాపు 850 కిలోమీటర్ల ఎత్తున. గాలి ఉన్నది దానికి ఎంతో కింద. అది గాలిని తాకదు, తాకలేదు. గాలి నుంచి వెలువడే వికిరణాన్ని మాత్రమే పట్టుకుంటుంది.

గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజన్. ఈ పాలు ఎడారి మీదైనా, సముద్రం మీదైనా, ఇప్పటి మన అవసరానికి సరిపడేంతగా ఒక్కటే. ఆక్సిజన్ అణువులు 60 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం చుట్టుపక్కల సూక్ష్మతరంగాలను వెలువరిస్తాయి. గాలి ఎంత వెచ్చగా ఉంటే ఈ వికిరణం అంత తీవ్రంగా ఉంటుంది. కనుక తీవ్రతను కొలిస్తే ఉష్ణోగ్రతను లెక్కగట్టవచ్చు. పరారుణ కిరణాలతో పోలిస్తే సూక్ష్మతరంగాలకు మరో సుగుణం ఉంది: మామూలు మేఘాలు వీటికి పెద్దగా అడ్డురావు.

పౌనఃపున్యాన్ని కొంచెం మారిస్తే వేరే ఎత్తులోని గాలి కనబడుతుంది. 1978 అక్టోబరులో అమెరికా ప్రయోగించిన టైరోస్-ఎన్ ఉపగ్రహంలోని సూక్ష్మతరంగ పరికరానికి (ఎం.ఎస్.యు. అంటారు) నాలుగు ఛానళ్లు ఉండేవి. మనకు ముఖ్యమైనవి రెండు. 53.74 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రెండో ఛానల్ ప్రధానంగా ట్రోపో ఆవరణం మధ్యభాగాన్ని చూస్తుంది. 57.95 దగ్గర పనిచేసే నాలుగో ఛానల్ స్ట్రాటో ఆవరణం కిందిభాగాన్ని చూస్తుంది. 'చూస్తుంది' అన్నామని కత్తితో కోసినట్టు ఒక పొర అనుకోకండి. రెండో ఛానల్‌కు అందే సంకేతంలో కొంత నేల నుంచీ, కొంత స్ట్రాటో ఆవరణం నుంచీ కూడా వస్తుంది. ఈ కలగాపులగమే తరువాతి చిక్కులకు ఒక మూలం.

పరికరం ప్రతి 25.6 సెకన్లకు ఒకసారి ఒక పక్క నుంచి మరో పక్కకు 11 చూపులు చూస్తుంది. ఆపైన రెండు తెలిసిన వస్తువుల వైపు తిరుగుతుంది. ఒకటి, 2.7 కెల్విన్ల వద్ద ఉన్న అంతరిక్షం. రెండోది, ఉపగ్రహంలోనే అమర్చిన వెచ్చని ఫలకం. ఈ రెండింటి మధ్య గీత గీసి భూమి నుంచి వచ్చిన సంకేతాన్ని ఆ గీత మీద పెట్టడమే క్రమాంకనం.

ఈ పరికరాన్ని తయారుచేసింది రేపటి, ఎల్లుండి వాతావరణ సూచన కోసం. ఆ పనికి అర డిగ్రీ అటూ ఇటూ అయినా నష్టం లేదు. ముప్ఫై ఏళ్లలో పదో వంతు డిగ్రీ మార్పును పట్టుకోమని దాన్ని ఎవరూ తయారుచేయలేదు.

7.3 హంట్స్‌విల్ లెక్క

నాసా మార్షల్ కేంద్రంలో రాయ్ స్పెన్సర్, హంట్స్‌విల్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో జాన్ క్రిస్టీ ఈ పాత కొలతలను వెలికితీశారు. 1990 మార్చిలో 'సైన్స్' పత్రికలో వారి వ్యాసం వచ్చింది. 1979-88 పదేళ్లలో స్పష్టమైన పెరుగుదల ధోరణి కనబడలేదని అందులో రాశారు. పదేళ్లు చాలా తక్కువ కాలం. అయినా వారు చేసిన పని చిన్నది కాదు. వాతావరణ సూచన కోసం వాడి పక్కన పడేసిన కొలతల్లో భూగోళం మొత్తం మీది నెలవారీ ఉష్ణోగ్రత దాగి ఉందని చూపిన ఘనత వారిదే.

తరువాత వారు ఇంకా కిందికి, మనుషులు బతికే గాలికి దగ్గరగా చూడాలనుకున్నారు. దానికి ఒక ఉపాయం పన్నారు. ఏటవాలుగా చూసినప్పుడు సంకేతం ఎక్కువ గాలిని దాటి రావాలి. అందువల్ల అంచు చూపుల్లో పైపొరల పాలు ఎక్కువ. లోపలి చూపుల సగటును నాలుగుతో హెచ్చవేసి, అందులోంచి అంచు చూపుల సగటును మూడుతో హెచ్చవేసి తీసేస్తే పైపొరల పాలు చాలావరకు కొట్టుకుపోయి, కిందిపొర మిగులుతుంది. ఉపాయం చక్కనిదే. అయితే ఒక పెద్ద అంకెలోంచి మరో పెద్ద అంకెను తీసేటప్పుడు, అంచు చూపుల్లో వచ్చే చిన్న పొరపాటు కూడా మూడింతలై కూర్చుంటుంది. ఈ సంగతిని గుర్తుంచుకుని ముందుకు సాగండి.

1979 నుంచి టైరోస్-ఎన్, నోవా-6 మొదలు నోవా-14 వరకు మొత్తం తొమ్మిది ఉపగ్రహాలు ఎం.ఎస్.యు.ను మోశాయి. ఒక రోగి జ్వరాన్ని ఏళ్ల తరబడి తొమ్మిది థర్మామీటర్లతో ఒకదాని తరువాత ఒకటి మార్చి మార్చి చూశారనుకోండి. ప్రతి థర్మామీటరుకూ తనదైన తేడా ఉంటుంది. పాతది, కొత్తది కలిసి పనిచేసిన రోజుల్లో రెండింటినీ పోల్చి ఆ తేడాను తీసివేయాలి. అవి కలిసి పనిచేసిన కాలం తక్కువైతే పోలిక బలహీనమవుతుంది. నోవా-9 విషయంలో జరిగింది ఇదే. దాని సర్దుబాటును ఎవరు ఎలా చేశారన్నదాన్ని బట్టి మొత్తం ధోరణే మారిపోయేది.

ఇక్కడ కాసేపు ఆగి మీ నోటు పుస్తకంలో రాయండి: ఉపగ్రహం కొలతలో గాలితో సంబంధం లేకుండా, కేవలం ఉపగ్రహం వల్లనే రాగల మార్పులు ఏవేవి? తరువాతి రెండు భాగాలు చదివాక సరిచూసుకోండి.

7.4 కిందికి జారిన కక్ష్య

850 కిలోమీటర్ల ఎత్తున గాలి దాదాపు లేనట్టే. కానీ పూర్తిగా లేదని కాదు. సూర్యుడి మీద మచ్చలు, అలజడి పెరిగిన సంవత్సరాల్లో వాతావరణం పైభాగం ఉబ్బుతుంది, ఉపగ్రహానికి రాపిడి పెరుగుతుంది. ఇలా నోవా ఉపగ్రహాలు ఏడాదికి దాదాపు ఒక కిలోమీటరు చొప్పున కిందికి జారుతూ వచ్చాయి.

కాలిఫోర్నియాలోని శాంటా రోసా పట్టణంలో రిమోట్ సెన్సింగ్ సిస్టమ్స్ అనే చిన్న సంస్థ ఉంది. అక్కడి ఫ్రాంక్ వెంట్జ్, మథియాస్ షాబెల్ 1998లో 'నేచర్' పత్రికలో దీని పర్యవసానాన్ని లెక్కగట్టి చూపారు. ఉపగ్రహం కిందికి జారితే అంచు చూపుల ఏటవాలు తగ్గుతుంది. దాటాల్సిన గాలి తగ్గి, కాస్త కిందిపొర, అంటే కాస్త వెచ్చని పొర కనబడుతుంది. అంచు చూపుల అంకె పెరుగుతుంది. మనం ఆ అంకెను మూడుతో హెచ్చవేసి తీసేస్తున్నాం కదా! కనుక జవాబు ఏటికేడాది తగ్గుతూ పోతుంది. గాలి చల్లబడలేదు, ఉపగ్రహం జారింది, అంతే. దీన్ని సరిదిద్దితే -0.05 కాస్తా +0.07 డిగ్రీలు అయింది.

హంట్స్‌విల్ జట్టు ఈ దోషాన్ని ఒప్పుకుని తమ లెక్కలో చేర్చుకుంది. అయితే అదే సమయంలో వారు మరో సంగతి బయటపెట్టారు. ఉపగ్రహం మీద ఎండ పడే తీరు మారినప్పుడు దాని లోపలి వెచ్చని ఫలకం ఉష్ణోగ్రత మారుతుంది, ఆ ప్రభావం కొలతలోకి పాకుతుంది. దీన్ని సరిదిద్దితే ధోరణి మళ్లీ కిందికి దిగింది. అందుచేత వారి తుది అంకె వెంట్జ్ చెప్పినంత పెరగలేదు.

వివాదం గురించి చదివేటప్పుడు రెండు జట్ల పేర్లే ఎక్కువగా వినబడతాయి. అదే 1998లో నాసా గాడర్డ్ కేంద్రానికి చెందిన కడప ప్రభాకర తన సహచరులతో కలిసి రెండో ఛానల్ కొలతలను సొంతంగా విశ్లేషించి, వేడెక్కుదల ఉందని ప్రకటించారు. ఆ ఇంటిపేరు చూడగానే మన పాఠకులకు ఆసక్తి కలగడం సహజం.

2000 జనవరిలో అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదిక వచ్చింది. జాన్ వాలెస్ అధ్యక్షత వహించిన ఆ సంఘంలో క్రిస్టీ, స్పెన్సర్, వెంట్జ్ ముగ్గురూ సభ్యులు. నేలమీది వేడెక్కుదల నిజమేనని, దాన్ని ఉపగ్రహం అంకె కొట్టివేయదని వారంతా అంగీకరించారు. రెండు లెక్కల మధ్య తేడా ఎందుకుందన్నది మాత్రం తేలలేదు.

7.5 జరిగిపోయిన గడియారం

మే నెలలో మీ ఇంటి అరుగు మీద రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఉష్ణోగ్రత రాస్తున్నారనుకోండి. ఏటా కొంచెం కొంచెం ఆలస్యంగా రాయడం మొదలుపెట్టి, కొన్నేళ్లకు సాయంత్రం అయిదుకు చేరారు. మీ పుస్తకంలో అంకెలు తగ్గుతాయి. ఊరు చల్లబడిందా?

నోవా-11 సరిగ్గా ఈ పనే చేసింది. 1988లో ప్రయోగించినప్పుడు అది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో భూమధ్యరేఖను దాటేది. కొన్నేళ్లలో ఆ వేళ సాయంత్రానికి జరిగిపోయింది. మధ్యాహ్నపు ఉపగ్రహాలన్నిటికీ ఈ జబ్బు ఉంది, ఎందుకంటే కక్ష్యను నిలబెట్టుకునే ఏర్పాటు వాటికి లేదు. ఏ వేళకు గాలి ఎంత వెచ్చగా ఉంటుందో తెలిస్తే తప్ప దీన్ని సరిదిద్దలేం. హంట్స్‌విల్ జట్టు ఆ తేడాను ఉపగ్రహాల కొలతల నుంచే రాబట్టింది. శాంటా రోసా జట్టు కంప్యూటరు వాతావరణ నమూనా నుంచి తీసుకుంది.

2005లో కార్ల్ మియర్స్, వెంట్జ్ 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసం హంట్స్‌విల్ దిద్దుబాటులోని దోషాన్ని చూపింది. ముఖ్యంగా ఉష్ణమండలంలో అది ఉండాల్సిన దిక్కుకు ఎదురు దిక్కులో ఉంది. కూడాల్సిన చోట తీసివేశారన్నమాట. స్పెన్సర్, క్రిస్టీ దోషాన్ని అంగీకరించి సరిదిద్దారు. వారి ధోరణి దశాబ్దానికి 0.09 నుంచి 0.12 డిగ్రీలకు పెరిగింది. మియర్స్, వెంట్జ్ లెక్కలో అది 0.19.

అప్పటిదాకా హంట్స్‌విల్ జట్టుకు ఒక గట్టి సాక్ష్యం ఉండేది. బెలూన్లకు కట్టి వదిలే రేడియోసోండ్లు కూడా తమ అంకెనే బలపరుస్తున్నాయని వారు చెప్పేవారు. హైదరాబాద్, విశాఖపట్నం వంటి కేంద్రాల నుంచి మన వాతావరణ శాఖ వదిలే బెలూన్లు ఇలాంటివే. ప్రపంచమంతటా వీటిని ఒకే నిర్ణీత వేళకు వదులుతారు. మనకు అది ఉదయం, సాయంత్రం అయిదున్నర. మన దగ్గర పొద్దు పొడిచే వేళకు పసిఫిక్ దీవుల్లో ఎండ నడినెత్తిన ఉంటుంది. స్టీవెన్ షేర్‌వుడ్ బృందం అదే 2005లో ఈ ఎండ మీదే దృష్టి పెట్టింది. పాత పరికరాలు పగటి ఎండకు వేడెక్కి అసలు కన్నా ఎక్కువ చూపేవి. పరికరాలు మెరుగుపడిన కొద్దీ ఆ అదనపు వేడి తగ్గింది. ఫలితంగా పగటి రికార్డులో లేని చల్లదనం చేరింది. రెండో సాక్షి మాట కూడా అలా పలచబడింది.

2006లో అమెరికా ప్రభుత్వ నివేదిక ఈ తేడాలను సమీక్షించింది. దాన్ని రాసినవారిలో క్రిస్టీ, మియర్స్ ఇద్దరూ ఉన్నారు. భూగోళం మొత్తం మీద నేలకూ గాలికీ మధ్య అంతకుముందు చెప్పిన పెద్ద తేడా ఇక లేదని అందులో తేల్చారు. ఉష్ణమండలం విషయంలో మాత్రం ప్రశ్న మిగిలిందని కూడా అదే నివేదిక రాసింది.

7.6 స్ట్రాటో ఆవరణం

తగవంతా కిందిపొర గురించే జరగడంతో నాలుగో ఛానల్ కథ చాలామంది దృష్టికి రాలేదు. నిజానికి ఎం.ఎస్.యు. చూపిన అతి స్పష్టమైన సంగతి అక్కడే ఉంది. 1982లో ఎల్ చిచోన్, 1991 జూన్‌లో పినటూబో అగ్నిపర్వతాలు పేలినప్పుడు స్ట్రాటో ఆవరణం ఒక్కసారిగా వేడెక్కి, ఒకటి రెండేళ్లలో మళ్లీ చల్లారింది. ఈ రెండు శిఖరాలను పక్కనపెట్టి చూస్తే 1990ల మధ్య వరకు ఆ పొర గట్టిగా చల్లబడుతూ వచ్చింది. ఓజోన్ తరుగుదల, కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల ఇందుకు కారణాలు. కింద వేడి, పైన చలి అన్న ఈ జంట గుర్తుకు ప్రాముఖ్యం ఉంది: వేడెక్కడానికి సూర్యుడే కారణమైతే రెండు పొరలూ వేడెక్కాలి. ఈ చల్లదనం రెండో ఛానల్‌లోకి కూడా కారుతుందని మీరు 7.2లో చదివారు. దాన్ని వేరుచేసే పద్ధతిని 2004లో చియాంగ్ ఫూ బృందం ప్రతిపాదించింది.

7.7 రెండు అంకెలు

1998 నుంచి నోవా-15తో మొదలై కొత్త తరం పరికరం, ఎక్కువ ఛానళ్లతో, పని చేపట్టింది. 2002లో వెళ్లిన ఆక్వా ఉపగ్రహానికి ఇంధనం ఉంది. కనుక అది చాలా ఏళ్లపాటు మధ్యాహ్నం ఒకటిన్నర వేళను తప్పకుండా నిలుపుకుంది. జారుడు దిద్దుబాటు అక్కరలేని కొలతలు అలా మొదటిసారి చేతికి వచ్చాయి.

అయినా రెండు జట్ల అంకెలు ఒకటి కాలేదు. 2015లో హంట్స్‌విల్ తన ఆరో సంస్కరణను విడుదల చేసింది. వారి ధోరణి కొంత తగ్గింది. 2017లో శాంటా రోసా తన నాలుగో సంస్కరణతో ముందుకొచ్చింది. వారి ధోరణి పెరిగింది. ఉపగ్రహాలు అవే, ముడి కొలతలు అవే. వేళ దిద్దుబాటు, పాత ఉపగ్రహానికీ కొత్త ఉపగ్రహానికీ పొసగని చోట ఎవరిని నమ్మాలన్న నిర్ణయం, ఈ రెండే చాలావరకు ఆ తేడాకు కారణం. ఇప్పుడు 1979 నుంచి కిందిపొర ధోరణి హంట్స్‌విల్ లెక్కలో దశాబ్దానికి 0.15 డిగ్రీల ప్రాంతంలో, శాంటా రోసా లెక్కలో 0.2 డిగ్రీల ప్రాంతంలో ఉంది. చల్లబడుతోందని ఇద్దరిలో ఎవరూ అనడం లేదు.