బదనికకు దీపము

అనంతగిరి అను పేరు వినగానే చాలమందికి కొండయు, మంచును, చల్లగాలియు తలపునకు వచ్చును. తెలుగునాట ఆ పేరుగల చోటు ఒకటి కాదు. విశాఖ మన్యములోని అనంతగిరి కాఫీతోటలకును, చెట్ల కొమ్మలపై పూచు ఆర్కిడు పూలకును పేరు పొందినది. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో మూసీనది పుట్టినది. నేను చెప్పబోవునది ఆ రెండింటిలో దేనిని గురించియు కాదు. కోదాడకు చేరువగా, సూర్యాపేట జిల్లాలో ఉన్న మూడవ అనంతగిరిలోని ఒక ఇంటిని గురించి. సాగరు ఎడమ కాలువ నీటితో వరి పండించు సీమ అది. వేసవిలో ఎండ నిప్పులు చెరుగును. అట్టి నేలపై మొక్కకు దీపము పెట్టవలసిన అవసరమేమి అని మీరు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినవాడనే.

ఆ ఇంటి ఇల్లాలు హైదరాబాదు నుండి ఒక ఫెలెనాప్సిస్ మొక్కను తెచ్చుకొన్నది. సీతాకోకచిలుకల బారువలె తెల్లని పూలు రెండు నెలలు నిలిచి రాలిపోయినవి. అటుపై రెండేండ్లు గడచినను పూవు లేదు. వాకిట ఉంచిన ఆకు కమలును. లోపల ఉంచిన నల్లబడినంత పచ్చనై వ్రేలాడును. ప్రక్క యింటి గోడ కిటికీకి అడ్డము. హాలులో ట్యూబులైటు క్రింద ఉంచి చూచినది. ఒక అంగడివాని మాట నమ్మి ఊదారంగు దీపమొకటి కొన్నది. ఇల్లు నాటకపు రంగస్థలమువలె మారినదే కాని మొగ్గ రాలేదు. “అన్నా, ఏ దీపము కొనవలెనో చెప్పుము” అని నన్నడిగినది. ఒక్క మాటలో చెప్పగలననుకొన్నాను. చెప్పబోగా నూటనలుబది ఏండ్ల చరిత్ర అడ్డము వచ్చినది.

అసలు ఆర్కిడు మనకు పరదేశి కాదు. మామిడి కొమ్మలను అంటిపెట్టుకొని పెరుగు మొక్కలను మన పల్లెలలో బదనిక అందురు. కొన్ని బదనికలు చెట్టు రసమును పీల్చును; ఆర్కిడు బదనిక ఆశ్రయము తప్ప మరేమియు కోరదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గు 18వ శతాబ్ది చివర సామర్లకోటలో తోట వేసి, తెలుగుదేశపు మొక్కలను పరీక్షించి, ఇచ్చటి చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించినాడు. 1795లో లండనులో వెలువడిన ఆయన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథములో 42వ పటము అట్టి బదనికదే. దాని జాతికి నేడు లోకమంతట వాడు ‘వాండా’ అను పేరు మన సంస్కృతపు ‘వందా’ శబ్దమే. దానిని శాస్త్రమున ప్రవేశపెట్టినవాడు సర్ విలియం జోన్సు.

తరువాత ఆంగ్ల ధనికులకు ఆర్కిడుల వ్యామోహము పట్టినది. అద్దాల ఇండ్లు కట్టి, నిప్పు రాజేసి వేడిమి కల్పించినారు. గాలి ఆడనీయక మొదట వేలకొలది మొక్కలను చంపుకొన్నారు. గాలి సంగతి తెలిసిన పిదపను శీతకాలపు చీకటి మిగిలినది. వేడిమిని బొగ్గుతో కొనవచ్చును. వెలుగును ఎట్లు కొనుట?

దానికి బదులు వెదకిన వారిలో ముఖ్యుడు విద్యుత్తు నిపుణుడు విలియం సీమెన్సు. ఫ్రాన్సులో హెర్వే మాంగో 1861లోనే విద్యుద్దీపము క్రింద ఆకు పచ్చబడునని చూపియున్నాడు. సీమెన్సు 1880లో మొక్కలను నాలుగు వర్గములు చేసినాడు: చీకటిలో కొన్ని, పగటి వెలుగులో కొన్ని, రాత్రి ఆర్కుదీపము క్రింద కొన్ని, పగలును దీపమును రెండును పొందినవి కొన్ని. రెండును పొందినవి అన్నిటిని మించినవి. ఆ యేటనే రాయల్ సొసైటీ సభలో మొగ్గతోనున్న తులిప్ పూలకుండీని దీపమునకెదురుగా ఉంచగా సుమారు 40 నిమిషములలో మొగ్గలు విచ్చినవట. నాటి సభ్యుల ముఖములు చూడవలసినవే! కాని ఆ ఆర్కుదీపము అద్దపు చాటు లేకున్న ఆకును మాడ్చునని ఆయనయే గమనించినాడు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున లిబర్టీ హైడ్ బెయిలీ 1890ల తొలినాళ్ళలో జరిపిన పరీక్షలలోను అదియే తేలినది. మన కంటికి కానరాని అతినీల కిరణములు ఆ కీడు చేసినవి. కంటికి తోచు వెలుగు వేరు, ఆకుకు తగులు వెలుగు వేరు.

తంతిదీపములు వచ్చినవి. అవి వెలుగుకన్న వేడిమిని హెచ్చుగా ఇచ్చును. వాటి క్రింద మొక్క సన్నగా సాగిపోవును. 1938లో అమెరికాలో ట్యూబులైట్లు అమ్మకమునకు రాగానే ఇంటింటి తోటగాండ్రకు ప్రాణము లేచి వచ్చినది. వేడిమి తక్కువ గనుక ఆకుకు జానెడు దూరముననే పెట్టవచ్చును. నేలమాళిగలలో బల్లలు వేసి ఆర్కిడులను పూయించినారు. 1960ల తొలి సంవత్సరములలో ఎరుపు, నీలము హెచ్చుగా గల మొక్కల ట్యూబులు వచ్చినవి. ఊదారంగు దీపమునకు మూలపురుషులు అవియే.

ఇచ్చట మీ రేడియోనే ఉదాహరణము చేసుకొందము. రేడియో తరంగమును, వెలుగును ఒక జాతివే. పొడవు మాత్రము వేరు. మీ రేడియో అన్ని స్టేషనులను ఒక్కమారు పట్టదు. ఆకు పచ్చదనమును ఎరుపు, నీలపు తరంగములను హెచ్చుగా పట్టును. అందుచే ఆ రెండే చాలునని వ్యాపారులు తీర్మానించినారు. కాని 1972లో కె. జె. మెక్రీ 22 రకముల పైరులపై కొలతలు ప్రకటించి, ఎరుపు మేలైనదే యైనను, ఆకు పచ్చని వెలుగును కూడ చాలవరకు వాడుకొనునని చూపినాడు. 1990ల దశకములో అంతరిక్షనౌకలలో మొక్కలను పెంచు యత్నములకు ఎల్.ఇ.డి. దీపములు వాడినారు. 1993లో షూజీ నకమూరా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన తరువాతనే తెల్లని ఎల్.ఇ.డి. సాధ్యమైనది, అందులకు 2014లో ముగ్గురు జపాను సంతతివారికి నోబెల్ బహుమానము వచ్చినది. నేడు మంచి తెల్లని ఎల్.ఇ.డి. దీపముండగా ఇంటిని ఊదారంగు చేసుకొన పనిలేదని నా అభిప్రాయము. తెల్లని వెలుగులో ఆకు అసలు రంగు కనిపించును. పురుగు పట్టినను తెలియును.

ఇక ఎంత వెలుగు? ఒక కొవ్వొత్తి అడుగు దూరమున ఇచ్చు వెలుగును ఫుట్‌క్యాండిల్ అందురు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 10,000. ఫెలెనాప్సిసుకు 1,000 మొదలు 1,500. కాట్లియాకు 2,000 పైమాట. వాండాకు ఇంకను హెచ్చు. చదువుకొను బల్లపై ట్యూబులైటు ఇచ్చునది కొన్ని పదులు మాత్రమే! ఆ ఇల్లాలి మొక్క హాలులో రెండేండ్లు పస్తున్నదన్నమాట. మన కన్ను చీకటికి తననుతాను దిద్దుకొనును. ఆకు అట్లు చేయజాలదు. నేడు దీపముల అట్టపెట్టెపై మైక్రోమోలు లెక్క వ్రాయుచున్నారు. వాట్లు చూడక, అడుగు దూరమున ఎన్ని మైక్రోమోలులు పడునో అడుగుడు. దీపము తరుగక వెలుగును గనుక ఫెలెనాప్సిసుకు 100 మొదలు 150 చాలును. చిన్న దీపమైనచో దూరము రెట్టింపు చేసిన వెలుగు నాలుగవ వంతగునని మరువరాదు. వాండాను గదిలో దీపముతో పోషింపబూనుట కరెంటు బిల్లునకు మొక్కుకొనుటయే. దానిని వరండాలో పలుచని నీడన వ్రేలాడదీయుడు.

రాత్రి దీపమార్పుట మరువకుడు. ఈ ఆర్కిడులు ఎడారి మొక్కలవలె రాత్రివేళ ఆకు రంధ్రములు తెరచి గాలిని పీల్చి దాచుకొనును. రోజుకు 12, 13 గంటల వెలుగు చాలును. దీపమునకు లొంగని సంగతి మరియొకటి కలదు. ఫెలెనాప్సిస్ పూకాడ వేయుటకు కొన్ని వారములు సుమారు 26 డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడిన చల్లదనము కావలెను. కోదాడ సీమలో అది చలికాలపు రాత్రులకే దక్కును.

ఆమె ఊదా దీపమును తీసివేసి, తెల్లనిదానిని ఆకులకు అడుగెత్తున కట్టించినది. కార్తికము మొదలు రాత్రులందు కిటికీ తెరచి ఉంచినది. సంక్రాంతి వెళ్ళిన వారమునకు, ఆకు మొదట పచ్చని మొలక యొకటి తలయెత్తినదనియు, అది వేరో పూకాడయో తెలియకున్నదనియు కబురు పంపినది. కొన గుండ్రముగా నున్నచో వేరు, ముడిచిన పిల్లవాని చేయివలె బొటనవ్రేలు వేరై కనిపించినచో కాడ అని వ్రాసితిని. మరునాడు జవాబు వచ్చినది: “బొటనవ్రేలున్నది.”