ఓడలు బండ్లైన చోటు

వియత్నాం దక్షిణ భాగాన మేకాంగ్ నది పాయలు పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుంది. ఆ పాయలకు అక్కడివారు పెట్టుకొన్న పేరు 'క్యూలాంగ్'. తొమ్మిది డ్రాగన్లు అని అర్థం. నీటి మీద సాగే సంతలకు ఆ డెల్టా ప్రసిద్ధి.

ఈ సంతలు వేడుక కోసం వెలసినవి కావు. ఆ నేలలో చిరకాలం కాలువే బాట, పడవే బండి. క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో వర్ధిల్లిన 'ఓక్ ఇయో' పట్టణం సైతం కాలువల మీద బ్రతికినదే. 1944లో ఫ్రెంచి పురాతత్త్వవేత్త లూయీ మాలెరే అక్కడ తవ్వించగా రోమను చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ పేరు గల బంగారు పతకమూ, బ్రాహ్మీలిపిలో సంస్కృతపదాలు చెక్కిన ముద్రలూ బయటపడ్డాయి.

తరువాతి పాలకులూ కాలువలనే నమ్ముకొన్నారు. 1819-1824 నడుమ థవాయ్ ఙోక్ హౌ అనే అధికారి పర్యవేక్షణలో కంబోడియా సరిహద్దు వెంబడి విన్ తే కాలువను తవ్వారు. వేలాది కూలీలు చేతులతో తవ్విన కాలువ అది. ఎందరో ఆ పనిలోనే ప్రాణాలు విడిచారు. ఫ్రెంచివారి ఏలుబడిలో మరిన్ని కాలువలు వచ్చాయి. ఏడు జలమార్గాలు కలిసే ఫుంగ్ హియెప్ కూడలిలో 1915 ప్రాంతంలో పెద్ద సంత ఏర్పడింది. కన్ థో నగరం చేరువన ఉన్న కై రాంగ్ సంత నేటికీ పేరున్నది.

జీవితమంతా భాష చెప్పిన నన్ను మిక్కిలి ఆకర్షించినది వారి 'బేయో' గడ. పెద్ద పడవలవారు పొడవైన వెదురు గడ నిలబెట్టి, దాని కొసన తాము అమ్మే సరుకును కడతారు. అనాస కనిపిస్తే అనాస, గుమ్మడి కనిపిస్తే గుమ్మడి. ఇంజన్ల మోతలో కేక వినబడదు గనుక కంటికి కనిపించే మాట కావలసివచ్చింది. ఈ భాషకు వ్యాకరణమూ, అపవాదాలూ ఉన్నాయి. పడవే ఇల్లు గనుక ఆరవేసిన బట్టలు వేలాడుతుంటాయి. అవి అమ్మకానికి కావు. వేడి నూడుల్సు, కాఫీ అమ్ముతారు. వాటిని గడకు కట్టరు. కొబ్బరాకు కడితే మాత్రం అమ్మేది ఆకును కాదు, పడవనే! ఇంటికప్పు వేసే ఆకు గనుక 'ఈ ఇల్లు అమ్మబడును' అని దాని భావం. మన అలంకారశాస్త్రంలో లక్షణ అని చెప్పేది ఇదే కదా!

కాలక్రమాన దారులు మారాయి. 2000లో మీ థువాన్ వంతెన, 2010లో కన్ థో వంతెన తెరచుకొన్నాయి. లారీ తోట దగ్గరకే వచ్చినప్పుడు రైతు సరుకును పడవకు ఎందుకెత్తుతాడు? ఫుంగ్ హియెప్ సంతను 2002 ప్రాంతంలో పడవల రద్దీవలన ప్రమాదాలు కలుగుతున్నాయని వేరే చోటికి తరలించగా, దాని వైభవం పోయింది. కై రాంగ్ సంతను 2016లో జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించారు. అయినా అక్కడ సరుకు పడవలు తగ్గుతూనే ఉన్నాయి. చూడవచ్చేవారి పడవలు మాత్రం బారులు తీరుతున్నాయి.

ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయని మన సామెత. అక్కడ అందులో మొదటి సగం అక్షరాలా జరిగింది. రోడ్డు వచ్చినందుకు ఆ రైతును తప్పు పట్టలేము. అతనికి మేలే జరిగింది. కాని వారసత్వమని బిరుదిచ్చినంత మాత్రాన సంత నిలవదు. కొనేవాడూ అమ్మేవాడూ ఉన్నంతవరకే ఆ గడ మాట్లాడుతుంది. వారు లేనినాడు అది ఉత్త వెదురు.